మడత మీది గీత

కౌనస్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
ట్రాలీబస్ డిపోలో పెట్టి ఇంటికొచ్చిన వైదొతాస్
బూట్లు విప్పకుండానే చెప్పాడు:
"సెలవు ఇచ్చారు. మే నెలలో. పద్నాలుగు రోజులు."

పదకొండేళ్ళలో మొదటిసారి
ఇద్దరికీ ఒకేసారి దొరికిన సెలవు.
బీట్‌రూట్ తొక్కలు పక్కకు నెట్టి
వంటబల్ల మీద పాత పటం పరిచాను.
వారం తిరిగేసరికి
మా వేళ్ళ కింద రెండే దేశాలు మిగిలాయి,
జార్జియా, ఆర్మేనియా.
ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు.
సరిహద్దు సరిగ్గా కాగితం మడత మీద పడింది.
ఏళ్ళ తరబడి మడిచి మడిచి
అక్కడ గీత అరిగిపోయింది.
ఏ ఊరు ఎవరిదో
దీపం దగ్గరికి జరిపినా తెలియలేదు.

నాకు జార్జియా కావాలి.
అడిగితే చెప్పడానికి కారణాలున్నాయి:
మట్టిలో పాతిన జాడీల్లో ద్రాక్షసారా,
గంధకం వాసనేసే వేడినీళ్ళ స్నానశాలలు,
చీరకుచ్చిళ్ళలా మడతలు పెట్టిన మాంసం కుడుములు,
టికెట్ నలభై యూరోలు తక్కువ.
ఇవన్నీ చెప్పాను.
అసలుది చెప్పలేదు.

అతనికి ఆర్మేనియా.
అతని దగ్గర ఒక్క కారణమూ లేదు.
"ఆప్రికాట్లు" అన్నాడు చివరికి.
"మే నెలలో పండవుగా?"
"పండవు."
"మరి?"
గ్లాసులో టీ తిప్పుతూ కూర్చున్నాడు.
చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

మూడు వారాలు సాగింది ఈ పంచాయితీ.
మా చెల్లెలు ఔష్రినే ఫోనులో నవ్వింది:
"ఆయన మాటే నెగ్గనివ్వక్కా,
ఏం తేడా వచ్చినా ఏడాదంతా దెప్పొచ్చు."
కింది వాటా పెట్రొనెలే ముసలమ్మ తీర్పు చెప్పింది:
అటు ఏడు రోజులు, ఇటు ఏడు రోజులు.
రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడికి
గుర్తుండేది నీళ్ళే కదమ్మా, అన్నాను.

ఓ రాత్రి వంటింట్లో దీపం పోయింది.
స్క్రూలు, ఫ్యూజులు దాచే రేకుడబ్బాలో
కొత్త బల్బు కోసం తడుముతుంటే
వేళ్ళకు ఓ గింజ తగిలింది.
ఆప్రికాట్ గింజ. నున్నగా, నాణెంలా అరిగి.
"ఎవరిది?"
"నాన్నది."

ఎనభై ఎనిమిది చలికాలంలో అక్కడ భూమి కంపిస్తే
మరుసటి వసంతంలో ఇళ్ళు కట్టడానికి వెళ్ళాడట
తాపీమేస్త్రి మా మామగారు.
తిరిగొచ్చాక ఆ ఊరి పేరు
ఇంట్లో ఎవర్నీ ఎత్తనివ్వలేదట.
గింజ మాత్రం, పోయిన రోజు దాకా జేబులోనే.
"ఆయన కట్టిన గోడ ఒక్కటైనా
ఉందో లేదో" అన్నాడు వైదొతాస్,
నాతో కాదు, డబ్బాతో.

చీకట్లోనే నేనూ చెప్పేశాను.
జార్జియాలో మనవాళ్ళెవరూ లేరు.
ఏమీ కట్టలేదు, ఏదీ కూలిపోలేదు.
మందుల షాపులో రోజంతా నేను
మనుషుల పాత నొప్పుల పేర్లు చదువుతాను.
పద్నాలుగు రోజులు
నాకేదీ గుర్తుకురాని చోట
కాళ్ళు చాపుకుని కూర్చోవాలని ఉంది.
అంతే.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
పై వాటాలో ఎవరో కుర్చీ జరిపారు.
బల్బు నా చేతిలోనే ఉండిపోయింది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు.
తెల్లారి అతను జార్జియా అన్నాడు.
నేను ఆర్మేనియా అన్నాను.
ఇద్దరం మొండివాళ్ళమే,
కథ మళ్ళీ మొదటికొచ్చింది.

టికెట్లు ఇంకా కొనలేదు.
ధర రోజుకు మూడు యూరోలు పెరుగుతోంది.
గింజ కిటికీ గట్టు మీద ఉంది,
డబ్బాలో తిరిగి పెట్టడానికి
ఇద్దరికీ చేతులు రావడం లేదు.
పటం బల్ల మీదే ఉంది.
నిన్న దాని పక్కనే బీట్‌రూట్ కోస్తుంటే
మడత మీద ఎర్రటి బొట్టు పడింది.
తుడిస్తే ఉన్న కాస్త గీత కూడా పోయేలా ఉంది.
ఆరేదాకా చూస్తూ నిలబడ్డాను.